అత్సుగి గేటు ముందు

పిల్లలూ, ఈమధ్య నేను జపాను వెళ్ళాను. విమానం దిగేటప్పుడు నా ఎదుటి తెరమీద రన్‌వే గీతలు మనమీదికే పరుగెత్తి వస్తున్నట్టు కనిపించాయి. విమానానికి కెమెరా అమర్చారన్నమాట! ఆ కెమెరా కన్ను పెరిగిన ఊరు చూడాలనే నా ప్రయాణం.

టోకియోలో షింజుకు స్టేషనులో రైలెక్కితే సుమారు గంటకు హోన్-అత్సుగి వస్తుంది. పక్కనే సగామి నది. దూరాన 1,252 మీటర్ల ఓయామ కొండ. నదిలో అయు అనే చేప దొరుకుతుంది. దాన్ని ఉప్పు అద్ది, పుల్లకు గుచ్చి కాలుస్తారు. (నేను వాసన మాత్రమే చూశాను!) సోనీ కంపెనీ సెన్సరుల కేంద్రం ఈ ఊళ్ళోనే ఉన్నది. నన్ను లోపలికి పోనివ్వలేదు. గేటు ముందే నిలబడ్డాను.

సెన్సరు అంటే వెలుతురునో, వేడినో పసికట్టే పరికరం. సీసీడీ అనే వెలుతురు చిప్పును 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బోయిల్, స్మిత్ గారలు కనిపెట్టారు. దాని నిండా చిన్న చిన్న గళ్ళు. వెలుతురు పడ్డ గడిలో విద్యుత్తు చేరుతుంది. ఇల్లు అంటుకున్నప్పుడు జనం నూతి నుంచి బారులు తీరి బిందెలు అందించుకుంటారు చూడండి, అలాగే ప్రతి గడీ తన విద్యుత్తును పక్క గడికి అందిస్తుంది. చివర ఏ బిందెలో ఎంతున్నదో కొలిచి బొమ్మ కడతారు.

1973లో కజువో ఇవామ గారు యోకోహామాలోని సోనీ పరిశోధనశాలకు పెద్ద అయ్యారు. అక్కడ షిగెయుకి ఓచి అనే ఇంజనీరు 64 గళ్ళ చిప్పుతో ‘ఎస్’ అనే ఒక్క అక్షరం చూపించగలిగాడు. అంతే! ఇవామ గారు మాత్రం, అయిదేళ్ళలో దీనితో 50,000 యెన్లకు కెమెరా కావాలన్నారు. మన పోటీ ఫిల్ము చేసే కోడాక్‌తో అని కూడా చెప్పారు.

అసలు శత్రువు దుమ్ము. ఒక్క నలుసు పడితే చిప్పు పాడు. ఎన్నో చేస్తే ఎప్పుడో ఒకటి పనికివచ్చేది. తయారీ పని అత్సుగి కార్ఖానాకు వచ్చింది. అయిదేళ్ళూ గడిచాయి; కెమెరా రాలేదు. ఇవామ గారు పని ఆపించలేదు. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, మూడు నెలల్లో ఏమీ చూపలేదని పిల్లల సైన్సు క్లబ్బు ఒకటి మూయించాను. గేటు ముందు అదే జ్ఞాపకం వచ్చింది.

1980లో కెమెరా వచ్చింది. జపాను జంబో విమానాలలో పెట్టారు. 1982లో ఇవామ గారు పోయారు. ఇళ్ళలో వాడుకునే సీసీడీ వీడియో కెమెరాను సోనీ 1985లో తెచ్చింది. ఆయన సమాధిరాతి మీద ఒక సీసీడీ చిప్పు అతికించారు.

సాయంత్రం స్టేషనులో బడిపిల్లలు ఫోనులతో ఫోటోలు తీసుకుంటున్నారు. వాటిలో ఇప్పుడుండేది సీమోస్ అనే మరో రకం చిప్పు. సైగలు చేసి అడిగితే నాకూ ఒకటి తీశారు. అందులో నేను కళ్ళు మూసుకున్నాను!