మేడమీది కంప్యూటరు పలకలేదు!

మా బాబాయిది విజయవాడలో చిన్న ఆడిట్ ఆఫీసు. లెక్కలన్నీ మేడమీది కంప్యూటర్లో ఉంటాయి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని ఆయన కింద కూర్చునే రిమోట్ డెస్క్‌టాప్‌తో దాన్ని నడుపుతాడు. రిటర్నుల గడువు దగ్గరపడ్డాక ఓ రోజు అది మొరాయించింది. ‘ఇక నావల్ల కాదురా, ఆఫీసు మూసేస్తా’ అన్నాడు.

పైకెళ్లి చూశాను. కంప్యూటరు నిద్రలోకి వెళితే పలకదు... కానీ అది మేలుకునే ఉంది. రిమోట్ సదుపాయం ఆన్‌లోనే ఉంది. ఫైర్‌వాల్ 3389 పోర్టును అడ్డుకోవడం లేదు. ‘ఐపీకాన్ఫిగ్’ కొడితే అసలు సంగతి తెలిసింది. పొద్దున కరెంటు పోయి వచ్చాక రూటరు చిరునామాలు మళ్లీ పంచింది. నిన్న 192.168.1.5, నేడు 192.168.1.9. బాబాయి పాత ఇంటి తలుపే తడుతున్నాడన్నమాట! రూటర్లో ఆ కంప్యూటరుకు ఒకే చిరునామా ఖాయం చేశాను. తెర వెలిగింది, ఆయన మొహమూ వెలిగింది.

‘ఇంటి నుంచీ పనిచేసేలా ఆ పోర్టును బయటికి తెరిచెయ్’ అన్నాడు హుషారుగా. వద్దన్నాను. 2019లో ‘బ్లూకీప్’ లోపం బయటపడితే, మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. బయటి నుంచి రావాలంటే వీపీఎన్ దారే క్షేమం. ఖాతాదారుల లెక్కలకు కాపలా మనమే కదా!