రేగోడ్ నుంచి కంది దాకా.. ఒక్క ఏడాది లెక్క

రేగోడ్ అని ఫోన్‌లో మ్యాప్ తెరిచి కొట్టి చూడండి. మెదక్ జిల్లాకు పడమటి అంచున, సంగారెడ్డి జిల్లాకు ఆనుకుని కనిపిస్తుంది. మండల కేంద్రం. తహసీల్దార్ ఆఫీసు, పోలీస్ స్టేషన్, స్కూళ్లు, చుట్టూ చేన్లు. రీల్స్ కోసం జనం ఎగబడే టూరిస్ట్ స్పాట్ కాదు. మెదక్ చర్చి చూసి, ఏడుపాయల్లో దండం పెట్టుకునే వాళ్లు ఇంత దూరం రారు.

2016 అక్టోబర్‌లో పాత మెదక్ జిల్లా మూడు ముక్కలైంది. రేగోడ్ మెదక్‌లోనే ఉండిపోయింది. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం ఆందోల్. అంటే కలెక్టరేట్ పని పడితే ఒక దిక్కు, ఓట్ల లెక్క ఇంకో దిక్కు. చదువు దగ్గరా అంతే. ఇక్కడి పిల్లలకు పది అయిపోగానే మొదలయ్యే ప్రశ్న: ఎటు దిక్కు పోవాలె?

అందుకే ఈసారి ఊరిని కాదు, ఊరి నుంచి బయల్దేరే దారిని చూద్దాం. రేగోడ్ నుంచి అల్లాదుర్గం వైపు వచ్చి, 161వ జాతీయ రహదారి ఎక్కి, జోగిపేట, సుల్తాన్‌పూర్, సంగారెడ్డి మీదుగా కంది దాకా. ఒక చదువుకునే పిల్ల ఎక్కాల్సిన మెట్లన్నీ ఈ దారిలో వరుసగా కనిపిస్తాయి.

ఒకే దారి, నాలుగు మెట్లు

మొదటి మెట్టు సొంతూరి బడి. రెండోది పాలిటెక్నిక్. పది తర్వాత పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. ఈ దారిలో జోగిపేటలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అటు మెదక్‌లో అమ్మాయిలకు వేరేగా ఇంకొకటి ఉంది.

మూడో మెట్టు సుల్తాన్‌పూర్. సింగూరు ప్రాజెక్టుకు దగ్గర్లో, హైదరాబాద్ జేఎన్టీయూ వాళ్లు 2012లో పెట్టిన సొంత ఇంజనీరింగ్ కాలేజీ. నాలుగోది సంగారెడ్డి దాటాక కంది. హైదరాబాద్ ఐఐటీ ఉన్న ఊరు. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తాత్కాలికంగా మొదలై, 2015లో ఇక్కడి సొంత క్యాంపస్‌కు వచ్చింది.

బస్సు కిటికీలోంచి చూస్తే ఈ నాలుగూ పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ రెండో మెట్టు నుంచి మూడో మెట్టు మీద కాలు పెట్టడానికి మధ్యలో ఒక పరీక్ష ఉంది. దాని పేరు ఈసెట్.

డిప్లొమా పాసైనవాళ్లు ఈసెట్ రాస్తే, బీటెక్‌లో మొదటి సంవత్సరం చదవకుండా నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు. దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు, మొత్తం ఆరు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపినా ఆరే. అంటే పాలిటెక్నిక్‌కు పోయిన పిల్లలు ఒక్క ఏడాది కూడా వెనకబడరు. పైగా చేతిలో డిప్లొమా అదనం.

చిక్కంతా ర్యాంకుతో. యూనివర్సిటీ సొంత కాలేజీల్లో లేటరల్ సీట్లు కొన్నే ఉంటాయి. రాష్ట్రం మొత్తం నుంచి టాపర్లు వాటి మీదే కన్నేస్తారు. ర్యాంకు కొంచెం జారిందా, సుల్తాన్‌పూర్ గేటు బస్సులోంచి చూసుకుంటూ పోవుడే.

“మల్లొక్కసారి రాస్తా అన్నా”

అల్లాదుర్గం దగ్గర ఒక అమ్మాయి ఎక్కి పక్క సీట్లో కూర్చుంది. ఒళ్లో ఫైలు. కండక్టర్‌కు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. మాట కలిపితే తెలిసింది, ఎలక్ట్రికల్ డిప్లొమా అయిపోయింది, ఈసెట్ రాసింది, కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు సర్దుకుంటోంది.

“ర్యాంకు మంచిగొచ్చిందా చెల్లె?”

“ప్రైవేట్ల అయితే సీటొస్తది అన్నా. సుల్తాన్‌పూర్‌ల రాదు.”

“మరి ఏమనుకుంటున్నవ్?”

“మల్లొక్కసారి రాస్తా అంటున్న. మా నాయిన ఒప్పుకుంటలేడు. నీ తోటోళ్లంత ముంగటికి పోతుంటే నువ్వొక్కదానివే ఇంట్ల కూసుంటవా అంటుండు.” కాసేపాగి, మెల్లగా, “ఇంట్ల ఉన్ననంటే సంబంధాలు సూస్తరన్నా. గదే భయం.”

అసలు విషయం అదీ. పట్నంలో గ్యాప్ ఇయర్ అంటే స్టైల్‌గా వినిపిస్తుంది. పల్లెలో దాని పేరు ‘ఖాళీగ ఉంటుండు’. ఆడపిల్ల అయితే ‘ఎప్పుడు చేస్తున్నరు?’. నాయిన మాటలో తప్పు లేదు. ఆయనకు కనిపించేది ర్యాంకు కాదు, బిడ్డ చేతిలోంచి జారిపోయే ఏడాది.

మార్కులు ఎట్లా వచ్చాయని అడిగితే కార్డు తీసి చూపించింది. బ్రాంచిలో 100కి 61. ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 50కి 20. లెక్కల్లో 50కి 14.

“లెక్కలెందుకు గట్లయినయ్?”

“లెక్కలు, సైన్సు ఎప్పుడో మొదట్ల సదివినయ్ అన్నా. ఆఖరుకు ఆర్నెల్లు ట్రైనింగ్. పొద్దున పోతే రాత్రికి వచ్చేదాన్ని. మల్ల తిరిగి సూసుకునే టైమే దొరకలే.”

ఏడాది ఆగాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఈ మాటల్లోనే ఉంది. అందరికీ ఒకటే జవాబు కాదు. ఆమెకు మాత్రం ఉంది.

200 మార్కులను విడదీయండి

ఈసెట్ మొత్తం 200 మార్కులు, మూడు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 మీ బ్రాంచి సబ్జెక్టులు. అంటే సగం పేపర్ మీరు ఆఖరి ఏడాదిలో ముట్టుకోని సబ్జెక్టులదే. నెగెటివ్ మార్కులు లేవు. అయినా చాలామంది బ్రాంచి మీదే కూర్చుంటారు, అది తాజాగా చదివింది కాబట్టి.

ఇప్పుడు మీ కార్డు తీయండి. మార్కులు పోయింది ఎక్కడ?

లెక్కల్లో, సైన్సులో పోతే, కారణం టైము దొరకకపోవడం అయితే, ఆగిన ఏడాది పనికొస్తుంది. ఎందుకంటే ఆ సిలబస్‌కు ఒక హద్దుంది, పాత పేపర్లున్నాయి, రోజుకు రెండు మూడు గంటలు పెడితే తేడా కనిపిస్తుంది. ఒకసారి మే నెలలో రాసి, మళ్లీ మే దాకా ఆగితే, కౌన్సెలింగ్ రోజులు పోను చేతిలో మిగిలేది పది నెలలే.

అన్నింట్లోనూ సమానంగా తక్కువొచ్చి, ఎందుకొచ్చాయో మీకే తెలియకపోతే ఆగొద్దు. పోయినసారి చదివినట్టే ఈసారీ చదివితే ర్యాంకూ అక్కడే ఉంటుంది. డిప్లొమాలో బ్యాక్‌లాగ్ ఉంటే ముందు అది తీయండి. ర్యాంకు ఎంత మంచిదైనా పాస్ మెమో లేకుండా సీటు చేతికి రాదు.

ఇంకో మాట. ప్రైవేటు కాలేజీ అంటే చెడ్డదని కాదు. మీకొచ్చే సీటు మంచి కాలేజీలో, కావాల్సిన బ్రాంచిలో ఉండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలింది ఇల్లు మోయగలిగితే, చేరిపోవడమే మేలు. కాలేజీ బోర్డు మీద పేరు కోసం మాత్రమే ఏడాది పెట్టడం ఖరీదైన సరదా. చేరాక మనసు మారి మళ్లీ ఈసెట్ రాస్తే, చదివిన ఏడాదీ పోతుంది, కట్టిన ఫీజూ పోతుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే.

ఖాళీగా ఉండని ఏడాది

‘ఇంట్ల కూసుంటవా’ అన్న నాయిన ప్రశ్నకు జవాబు చెప్పే దారి ఒకటుంది. అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద డిప్లొమా పాసైనవాళ్లు ఒక ఏడాది కంపెనీలో పని నేర్చుకోవచ్చు. స్టైపెండ్ ఇస్తారు. 2019 నిబంధనల్లో డిప్లొమా వాళ్లకు నెలకు కనీసం 8,000 రూపాయలని పెట్టారు. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

ఈ దారి మీద వెళ్లేవాళ్లకు అది దూరం కూడా కాదు. సంగారెడ్డి జిల్లాలోనే ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉంది. పటాన్‌చెరు చుట్టూ ప్రైవేటు ఫ్యాక్టరీలు లెక్కలేనన్ని.

లాభం రెండు రకాలు. ఇంటికి అంతో ఇంతో పైసలొస్తాయి. రేపు ఏదో కంపెనీ ఇంటర్వ్యూలో ‘ఈ ఏడాది ఏం చేశావ్?’ అంటే చూపించడానికి సర్టిఫికెట్ ఉంటుంది. నష్టమూ ఉంది. షిఫ్టు చేసొచ్చి రాత్రి లెక్కలు పట్టడం మాటలు కాదు. ఆ అమ్మాయి మార్కులు పోయింది అక్కడే కదా. కాబట్టి అప్రెంటిస్ చేస్తూ చదవాలంటే పని చోటు హాస్టల్‌కో ఇంటికో దగ్గరగా ఉండాలి, పొద్దున రెండు గంటలు పుస్తకానికే అని రాసిపెట్టుకోవాలి. అది కుదరదనుకుంటే పరీక్షకు మూడు నాలుగు నెలల ముందు పూర్తిగా చదువు మీదే ఉండేలా ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

కాలిఫోర్నియాలోనూ ఇదే లొల్లి

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. తక్కువ ఫీజుతో మొదటి రెండేళ్లు అక్కడ చదివి, తర్వాత యూనివర్సిటీకి మారతారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బే ఏరియాలో, క్యూపర్టినోలోని డి ఆంజా అలాంటి కాలేజీయే. అక్కడి పిల్లలకూ ఇదే తన్లాట: రెండేళ్లకే వచ్చిన యూనివర్సిటీకి పోదామా, మూడో ఏడాది ఆగి మార్కులు పెంచుకుని ఇంకా మంచిదానికి అప్లై చేద్దామా?

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో ఆరింటికి ‘చెప్పిన సబ్జెక్టులు, చెప్పిన మార్కులు తెచ్చుకుంటే సీటు ఖాయం’ అనే ఒప్పందం ఉంది. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ అందులో లేవు. మూడో ఏడాది ఉండేవాళ్లలో కావాల్సిన సబ్జెక్టు ఒకటో రెండో మిగిలిపోయినవాళ్లకు ఆ ఏడాదితో నిజంగా పని ఉంటుంది. ఊరికే ‘ఇంకొంచెం ఆగుదాం’ అనుకునేవాళ్లకు చేతిలో మిగిలేది అద్దె బిల్లు. దేశం వేరు, లెక్క ఒకటే.

కంది చేను చెప్పే మాట

మెదక్ పడమటి పల్లెల్లో వానాకాలం తిరిగితే ఒకటి గమనిస్తారు. జూన్‌లో తొలకరికి పెసర వేస్తారు, కంది వేస్తారు. పెసర రెండు నెలల చిల్లరకే చేతికొస్తుంది. కంది మాత్రం అట్లాగే నిలబడి ఉంటుంది. దసరా పోతుంది, దీపావళి పోతుంది, చలి మొదలవుతుంది, అప్పుడు కాయ. ఆర్నెల్ల పంట. ‘పెసర ఎప్పుడో ఇంటికొచ్చింది, నువ్వేంది ఇంకా చేన్లనే’ అని ఏ రైతూ కందిని తిట్టడు. ఎందుకుందో ఆయనకు తెలుసు.

అట్లాగని విత్తనం వేసి వదిలేసిన చేనుకు ఆర్నెల్లు కాదు, ఏడాది ఇచ్చినా కలుపే మిగులుతుంది. పూత మీద పురుగు చూడాలి, మందు కొట్టాలి. ఆగడం ఒక్కటే పంట తీయదు.

ఆ అమ్మాయి జోగిపేటలో దిగిపోయింది. దిగే ముందు ఒక మాట చెప్పాను: “నాయినతోని సుల్తాన్‌పూర్ అనకు చెల్లె. లెక్కలల్ల 14ను 35 చేస్తా, ఎట్లనో గిది అని కాయితం మీద రాసి చూపియ్యి.” నవ్వి తలూపింది.

మీరూ అదే చేయండి. ఆగాలనుకుంటే ఒక కాయితం మీద మూడు వరుసలు రాయండి: ఎక్కడ మార్కులు పోయాయి, ఈ పది నెలల్లో ఏది మారుతుంది, ఇంటి ఖర్చు ఎట్లా గడుస్తుంది. మూడూ నిండితే ధైర్యంగా ఆగండి. రెండో వరుస ఖాళీగా ఉంటే, వచ్చిన సీటులో చేరండి. బీటెక్ అయ్యాక గేట్ రాసి, ఎంటెక్‌కు కంది గేటు లోపలికే పోవచ్చు. ఆ దారి ఏ కాలేజీలో చదివినవాళ్లకైనా తెరిచే ఉంది.