వెయ్యేళ్ల జీతం... ఒక్క కారు!

రంగురంగుల పాతకార్లు, వెనక నీలిసముద్రం, చుట్టూ పెచ్చులూడిన మేడలు... హవానా అనగానే చాలామందికి కళ్ల ముందు కదిలే బొమ్మ ఇదే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ కార్లు ముచ్చట కోసం మిగిలినవి కావు. బయటినుంచి బండి రానివ్వని నిబంధనలు ఓ దేశాన్ని అర్ధశతాబ్దానికి పైగా తాతల కార్లలోనే తిప్పాయి. ఆ కథే ఇది.

క్యూబా రాజధాని హవానా నడిబొడ్డున కపిటోలియో భవనం ఉంది. అమెరికా పార్లమెంటును గుర్తుకుతెచ్చే పెద్ద గుమ్మటంతో 1929లో పూర్తయింది. దానికి దగ్గర్లోనే సెంట్రల్ పార్కు. పర్యటకుల కోసం టాపులేని కార్లు బారులు తీరేది అక్కడే. గులాబీరంగు షెవ్రోలే, ఆకుపచ్చ ఫోర్డు, ఎర్రటి బ్యూక్... వెనక చేపరెక్కల్లా పైకి లేచిన తోకలు, ముందు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నట్టుండే జాలీ. అన్నీ 1950ల నాటివే. పర్యటకులు ఎక్కి కూర్చుంటారు. సముద్రం ఒడ్డున ఎనిమిది కిలోమీటర్ల దాకా సాగే మలెకాన్ రోడ్డు మీద ఓ చుట్టు తిరిగి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు.

నాలుగు వీధులు లోపలికి నడిస్తే అవే కార్లు ఇంకో రూపంలో కనిపిస్తాయి. రంగు వెలిసి, తలుపు సరిగ్గా పడక, నల్లటి పొగ వదులుతూ, లోపల ఆరేడుగురిని కుక్కుకుని పోతుంటాయి. ఒకే దారిలో తిరుగుతాయి. చెయ్యెత్తితే ఆగుతాయి, ఎక్కడంటే అక్కడ దించుతాయి. అచ్చంగా మన షేర్ ఆటోలన్నమాట! స్థానికులు వీటిని ముద్దుగా ‘అల్మెంద్రోన్’ అంటారు. అంటే... పెద్ద బాదంపప్పు. గుండ్రటి బండ రూపాన్ని చూసి పెట్టిన పేరది.

విప్లవానికి ముందు వచ్చిన ఇలాంటి అమెరికన్ కార్లు దేశంలో దాదాపు 60 వేలు మిగిలి ఉంటాయని అంచనా. తయారుచేసిన కంపెనీలు కొన్ని మూతపడ్డాయి. ఈ బళ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి.

ఓడెక్కి వచ్చిన వైభవం

అమెరికాలోని ఫ్లోరిడా కొసకూ క్యూబాకూ మధ్య దూరం దాదాపు 150 కిలోమీటర్లే. మనకు హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లినంత. 1950ల్లో కీ వెస్ట్ నుంచి హవానాకు కార్లను ఎక్కించుకుని వచ్చే ఓడలే ఉండేవి. డెట్రాయిట్‌లో కొత్త మోడల్ వస్తే హవానా షోరూముల్లో చేరడానికి ఆట్టే కాలం పట్టేది కాదు. చక్కెర వ్యాపారులు, జూదశాలల యజమానులు, డాక్టర్లు, లాయర్లు... ఏటా కారు మార్చేవాళ్లకూ కొదవలేదు. ‘ముసలివాడూ సముద్రమూ’గా మనకు తెలిసిన నవల రాసిన ఎర్నెస్ట్ హెమింగ్వే కూడా హవానా శివార్లలోని తన ఇంట్లో 1955 మోడల్ క్రైస్లర్ కారు ఉంచుకున్నాడు.

మలెకాన్ మీద కార్ల రేసులూ జరిగేవి. 1958 ఫిబ్రవరిలో అలాంటి రేసు కోసమే ప్రపంచ ఛాంపియన్ ఫాంజియో హవానా వచ్చాడు. తెల్లారితే రేసు అనగా కాస్ట్రో అనుచరులు ఆయన్ని హోటల్ నుంచి ఎత్తుకుపోయారు. రేసయ్యాక క్షేమంగా వదిలేశారు. ప్రపంచం కళ్లు తమవైపు తిప్పుకోవడమే వాళ్ల ఉద్దేశం. ఏడాది తిరక్కుండానే, 1959 జనవరి 1న నియంత బటిస్టా దేశం విడిచి పారిపోయాడు. ఆయనతోపాటే సంపన్నులూ వరసగా దేశం దాటారు. వెళ్లేవాళ్లు నగలు పట్టుకెళ్లగలిగారుగానీ కార్లను పట్టుకెళ్లలేకపోయారు. డ్రైవర్లకో బంధువులకో వదిలేసినవి కొన్ని, ప్రభుత్వపరమైనవి కొన్ని.

ఒక తలుపు... రెండు తాళాలు

‘అమెరికా ఆంక్షల వల్లే అక్కడ పాతకార్లు మిగిలాయి’ అని అంతా చెప్పుకునే మాట. అది సగమే నిజం. తలుపుకు బయటివైపు పడిన తాళం అది. 1960 అక్టోబరులో అమెరికా ఎగుమతులను చాలావరకూ నిలిపేసింది. 1962 ఫిబ్రవరిలో కెనడీ ప్రభుత్వం వాణిజ్యం మొత్తాన్నీ బంద్ చేసింది. కార్లే కాదు, వాటి విడిభాగాలూ ఆగిపోయాయి.

మరి జపాన్ కారో ఫ్రెంచి కారో తెచ్చుకోవచ్చుగా అంటే... లోపలివైపు ఇంకో తాళం ఉంది. అది క్యూబా సొంతంగా వేసుకున్నది. దిగుమతి మొత్తం ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది. సామాన్యుడు విదేశీ కారు కొని తెచ్చుకోవడం కుదిరేది కాదు. సోవియట్ యూనియన్ నుంచి లాడాలు, మాస్క్విచ్‌లు వచ్చేవి. డబ్బున్నవాడికి కాదు... బాగా పనిచేసిన కార్మికుడికి, డాక్టరుకి, క్రీడాకారుడికి పనిచేసేచోట కేటాయించేవారు. కారు కొనుక్కునే వస్తువు కాదు, సంపాదించుకునే గౌరవం అన్నది అప్పటి ఆలోచన.

అలా వచ్చిన కారు మీదే, కానీ అమ్ముకునే హక్కు మీకు లేదు! యథేచ్ఛగా అమ్మడానికీ కొనడానికీ వీలున్నవి విప్లవానికి ముందు దేశంలో ఉన్న కార్లు మాత్రమే. అందుకే 1980ల లాడా కన్నా 1952 షెవ్రోలేకు కాగితాల బలం ఎక్కువ. లాడాలనూ చాటుగా అమ్ముకునేవారు. డబ్బు చేతులు మారేది, బండీ మారేది, కాగితం మీద పేరు మాత్రం పాత యజమానిదే. ఆయన కన్నుమూసి, వారసులు వచ్చి బండి అడిగితే కొన్నవాడికి దిక్కులేదు.

ఈ తీరు మనకు బొత్తిగా కొత్తదేం కాదు. లైసెన్సుల కాలంలో మనకూ అంబాసిడర్, ఫియట్ లాంటి రెండు మూడు కార్లే దిక్కు. స్కూటరు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. మనకు ఆ ఎదురుచూపులు 1990ల్లో తీరిపోయాయి. క్యూబాకు సరిగ్గా అప్పుడే అసలు కష్టకాలం మొదలైంది.

షాంపూతో బ్రేకులు!

1991లో సోవియట్ యూనియన్ కుప్పకూలింది. చవకగా వచ్చే చమురు ఆగిపోయింది. లాడాలకు విడిభాగాలూ రావడం తగ్గిపోయింది. ప్రభుత్వం చైనా నుంచి పది లక్షలకు పైగా సైకిళ్లు తెప్పించింది. లారీకి పెద్ద ట్రైలరు తగిలించి, రెండు మూపురాల ఒంటెలా కనిపించే బస్సులు తయారుచేసింది. జనం వాటికి ‘కమేయో’... అంటే ఒంటె అనే పేరు పెట్టారు. హవానా రోడ్ల మీద అవి 2008 దాకా నడిచాయి. ఖాళీ సీట్లతో వెళ్లే ప్రభుత్వ వాహనాలను ఆపి, దారిలో నిలబడ్డవాళ్లను ఎక్కించడానికి పసుపు యూనిఫాంలో ఉద్యోగులను నియమించారు. ప్రభుత్వ బండికి నీలం నంబరు ప్లేటు, సొంతబండికి పసుపుది కాబట్టి ఏది ఆపాలో దూరం నుంచే తెలిసిపోయేది.

తాతల కార్లకు మళ్లీ గిరాకీ పెరిగిందీ అప్పుడే. వాటిని నడిపించడం మాత్రం మామూలు విద్య కాదు. బానెట్ ఎత్తితే పాత పెట్రోలు ఇంజిను ఉండదు, ఏ జపాన్ వ్యానుదో తీసి బిగించిన డీజిల్ ఇంజిను ఉంటుంది. గేరుబాక్సు ఇంకోదానిది, బ్రేకులు లాడావి. దొరకని ముక్కను లేతు మిషను మీద కొత్తగా చేసుకుంటారు. బ్రేకు ఆయిలు దొరక్క షాంపూతో, సబ్బునీళ్లతో నెట్టుకొచ్చిన రోజులూ ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే మేస్త్రీని తీసుకెళ్లి అక్కడ నిలబెడితే భాష రాకపోయినా పనిలో ఇట్టే కలిసిపోతాడు. తేడా ఒక్కటే. ఇక్కడ ‘పోయింది, కొత్తది తెండి’ అనొచ్చు. అక్కడ ఆ మాటే లేదు.

దీనికీ ఓ ఖరీదుంది. సీటు బెల్టు, గాలిసంచి లాంటివి ఆ కార్లు పుట్టేనాటికి మామూలుగా ఉండేవి కావు. పాత డీజిల్ ఇంజిన్ల పొగ ఇరుకు వీధుల్లో నిలిచిపోతుంది. పర్యటకుడు ఫొటో తీసుకుని వెళ్తాడు. ఆ పొగ పీల్చేది ఆ వీధివాళ్లే.

షోరూం తెరిచారు... కొనేవారే లేరు

రవుల్ కాస్ట్రో హయాంలో తాళాలు ఒక్కొక్కటీ వదులయ్యాయి. 2011 అక్టోబరు 1 నుంచి ఏ సంవత్సరపు కారునైనా ఒకరికొకరు అమ్ముకోవచ్చన్నారు. కొత్తకారు మాత్రం ప్రభుత్వ అనుమతి ఉన్నవాళ్లకే. విదేశాల్లో పనిచేసి అక్కడి డబ్బు సంపాదించుకొచ్చిన డాక్టర్లు, కళాకారులు, నావికులు లాంటివాళ్లకే ఆ అనుమతి పత్రం దక్కేది.

2014 జనవరి 3న అదీ పోయింది. అనుమతి అక్కర్లేదు, ఎవరైనా ప్రభుత్వ దుకాణాల్లో కారు కొనుక్కోవచ్చు! యాభై ఏళ్ల ఎదురుచూపు ఫలించిందనుకుని జనం షోరూముల ముందు గుమిగూడారు. ధరల పట్టీ చూసి నోళ్లు వెళ్లబెట్టారు. ప్యూజో 508 కారు... రెండు లక్షల 62 వేల డాలర్లు! అప్పటి లెక్కన మన డబ్బులో కోటీ అరవై లక్షల రూపాయలకు పైమాటే. అదే కారు ఐరోపాలో ముప్ఫైవేల డాలర్ల చుట్టూ ఉండేది. అందులో చిన్నదైన ప్యూజో 206 ధర కూడా 91 వేల డాలర్లు.

అప్పట్లో క్యూబాలో ప్రభుత్వోద్యోగి సగటు జీతం నెలకు 20 డాలర్లు. అంటే తిండీ బట్టా మానేసి జీతమంతా దాచినా ప్యూజో 508 కొనడానికి వెయ్యేళ్లకు పైగా పడుతుంది. అమ్మకాల మీద వచ్చే లాభాన్ని ప్రజారవాణాకు ఖర్చుపెడతామని ప్రభుత్వం చెప్పింది. మొదటి ఆరు నెలల్లో దేశం మొత్తమ్మీద అమ్ముడైనవి 50 కార్లు, నాలుగు మోటారు సైకిళ్లు! గేటు తీశారుగానీ, గుమ్మం నిట్టాడంత ఎత్తున కట్టారు.

మన అంబాసిడర్ తయారీ ఆగిపోయిందీ 2014లోనే. కొనేవాళ్లు లేక ఆగిందది. మనకు కార్లు ఎక్కువై పాతది వెళ్లిపోయిన ఏడాదే, హవానాలో కొత్తది కొనలేక జనం మళ్లీ పాతకారే ఎక్కారు.

తాత ఇచ్చిన మాగాణి

అందరూ సమానంగా ఉండాలని, డబ్బున్నవాడే కార్లలో తిరగకూడదని చేసిన నిబంధనలివి. ఆచరణలో జరిగింది వేరు. తాత 1950ల్లో కారు కొన్న ఇంట్లో మనవడికి జీవనాధారం ఉంది. తాతకు కారు లేని ఇంట్లో మనవడు డాక్టరైనా బస్సుకోసం నిలబడాల్సిందే. మన పల్లెల్లో కాలవ కింది మాగాణి ఉన్న కుటుంబానికీ, లేని కుటుంబానికీ ఉన్నంత తేడా.

లెక్క చూడండి. 2014లో జీతాలు పెంచాక రెండు స్పెషాలిటీలు చదివిన డాక్టరుకు వచ్చింది నెలకు 67 డాలర్లు. ఆ రోజుల్లో పర్యటకులను టాపులేని కారులో గంటసేపు తిప్పితే 30 నుంచి 50 డాలర్లు. నూనె ఖర్చు, పన్ను, మెకానిక్కు పోగా మిగిలిందే అయినా, ప్రభుత్వ జీతం దానికి దీటు రాలేదు. ఇంజినీర్లు, టీచర్లు ఉద్యోగాలు వదిలి స్టీరింగు పట్టుకున్నది అందుకే. బండి ఒకరిది, నడిపేది ఇంకొకరు అన్న ఏర్పాటూ మామూలే. రోజు చివర యజమానికి లెక్క అప్పజెప్పి మిగిలింది ఇంటికి తీసుకెళ్లాలి. కౌలు వ్యవసాయం ఎలాంటిదో ఇదీ అంతే!

ఆ మాగాణికీ ఇప్పుడు నీళ్లు తగ్గాయి. 2018లో క్యూబాకు దాదాపు 47 లక్షలమంది పర్యటకులు వచ్చారు. కొవిడ్ తర్వాత మళ్లీ అంతమంది రాలేదు. 2024లో వచ్చినవారు 22 లక్షలే. అదే ఏడాది మార్చిలో లీటరు పెట్రోలు ధర 25 పెసోల నుంచి 132 పెసోలకు పెరిగింది. అక్టోబరులో దేశమంతా ఒక్కసారిగా చీకటైపోయింది. మరోవైపు బ్యాటరీతో నడిచే చైనా మూడుచక్రాల బళ్లు వీధుల్లోకి వచ్చి అల్మెంద్రోన్‌ల ప్రయాణికులను పంచుకోవడం మొదలుపెట్టాయి.

అయినా డెబ్భై ఏళ్ల షెవ్రోలేను తుక్కుకింద వేసే ఆలోచన ఎవరికీ రాదు. నూనె దొరకని రోజున గుడ్డకప్పి ఇంటిముందు పెడతారు. బోల్టులకు గ్రీజు రాస్తారు. మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ గేరు ఎక్కడ పట్టేస్తుందో, ఏ చప్పుడుకు ఎక్కడ బిగించాలో చెబుతారు. రేపు బండి అతని పేరునే మారుతుంది మరి. దాంతోపాటే ఇల్లు గడిపే బాధ్యత కూడా.