అడవిబాట

మొన్న ఉట్నూరు దాటి యొక గోండుగూడెమునకుఁ బోయితిని. తారుబాట అడవి యంచుననే ఆఁగిపోయినది. “పైనుంచి అనుమతి రావాలె సారూ,” అనెను గూడెపు పటేలు.

1976లో 42వ రాజ్యాంగ సవరణము అడవులను రాష్ట్రజాబితానుండి ఉమ్మడిజాబితాకు మార్చినది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము అటవీభూమిని వేఱొక పనికి వాడుటకుఁ గేంద్రానుమతిని విధించినది. రాష్ట్రములు అడవులను ధారపోయుట నేనెఱుఁగనిది కాదు. ఆ చట్టమే లేకున్న నీ టేకుచెట్లలో నెన్ని మిగిలెడివో! అయినను గనికిని గూడెపు బాటకును ఢిల్లీయే వాకిలి కావలెనా? 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభ సిఫారసుపై హెక్టారుకు లోఁబడిన భూమిని బాటల కొసఁగినది. ఈ బాట కంతకు మించి కావలెనఁట.

మేము మాటలాడుచుండఁగనే పురిటినొప్పులు పడుచున్న యొక యువతిని ఎడ్లబండిలోఁ దెచ్చిరి. బండి తారుబాట నెక్కువఱకును పటేలు మరల నోరు విప్పలేదు.