పందిరిగుడ్డ నేర్పిన పాఠము

సోదరీమణులారా! మన యిండ్లలో పెండ్లియన్నను, పేరంటమన్నను ముంగిట షామియానా లేకున్న నిండుదనముండదు. ఆ నీడను కూర్చుండి యెన్నోమారులు తాంబూలము పుచ్చుకొంటిమి గాని, అది మన తలలపై నెట్లు నిలిచియున్నదో యెన్నడైన విచారించితిమా? మా చెల్లెలి పెండ్లివఱకు నేనును విచారింపలేదు.

ఆ రాత్రి అకాలవర్షము కురిసెను. బల్లపరుపుగా కట్టిన గుడ్డనడుమ నీరు చేరెను. చేరినకొలదిని గుడ్డ క్రుంగెను. క్రుంగినకొలదిని మఱింత నీరు చేరెను. తుదకు గుంజ యొఱగి, కూరలు తఱుగుచున్న మా అత్తగారి భుజముపై పడెను. మూడు నెలలు ఆమె చేయి యెత్తలేకపోయిరి. కొందఱు వానను, కొందఱు ముహూర్తమును దూషించిరి. భవననిర్మాణశాస్త్రము చదువుచున్న మా అమ్మాయి మాత్రము, "అమ్మా! దోషము వానది కాదు, కట్టిన తీరుది" అనెను.

ఆమె చేతిరుమాలొకటి తెచ్చి, ఐమూలగా నున్న రెండు కొనలు నాకిచ్చి, తక్కినవి తాను పట్టుకొనెను. సమముగా పట్టినప్పుడు గుడ్డ రెపరెపలాడెను. నన్ను చేతులు పైకెత్తుమని, తాను క్రిందికి లాగినంతనే, అది గుఱ్ఱపుజీనువలె వంగి బిగిసెను. ఒకదిక్కున ఊయలవలె వ్రేలినది. రెండవదిక్కున గూడుబండికప్పువలె ఉబ్బినది. వానబరువు పడిన ఊయల మోయును; గాలి పైకెత్తబోయిన గూడు నిలుపును. నీరు పల్లపు కొనలనుండి జాఱిపోవును. అంచులు సాగకుండ పరికిణీబొందువలె లోపల ఉక్కుత్రాడు దూర్తురట. గుడ్డ తేలికయే గాని దాని లాగుడు తేలిక గాదు. కావున స్తంభములకును, మేకులకును గట్టి పునాదులుండవలెను.

ఈ విద్యకు పెద్ద గురువు జర్మనీదేశపు ఫ్రై ఓటో (1925–2015). ఆయన తీగచట్రములను సబ్బునీట ముంచి, వానిపై నిలిచిన పలుచని పొరను జూచి పందిళ్ల రూపములు నిర్ణయించెడివాడు; ఏలయన, ఆ పొరయం దన్నివైపులను బిగువు సమానము. 1957లో కొలోన్ నగరపు ఉద్యానప్రదర్శనమున నాట్యవేదికపై నక్షత్రాకారపు గుడ్డకప్పు వేసెను. 1981లో జెడ్డాయందు హజ్ యాత్రికులకై నిర్మించిన విమానాశ్రయభాగమున నిట్టి గుడారములు 210 గలవు; ఒక్కొక్కటి ప్రక్కకు 45 మీటర్లు. ఆ గుడ్డ గాజునూలుతో నేసినది. పైపూత మన దోసెపెనములకు పూయు టెఫ్లానే!

మా యూరిబడిలో పిల్లలు మధ్యాహ్నభోజనము ఎండలో చేయుచుండిరి. వారికై మా అమ్మాయి యిట్టి పందిరికి చిత్తు గీసినది. పెద్దలు చూచి, "బల్లపరుపు గుడ్డయైన చవుక గదా!" అనిరి. ఎన్నడును సభలో నోరుమెదపని మా అత్తగారు లేచి, "ఆ చవుక వెల నా భుజమునకు తెలియును, నాయనా! పిల్లల తలలకు తెలియనీయకుడు" అనిరి. మఱి యెవ్వరును మాటాడలేదు. నేడు పిల్లలు ఆ నీడనే భుజించుచున్నారు.

కావున సోదరీమణులారా! మీ యింట షామియానా కట్టించునపుడు దాని చిత్రపుటంచులను మాత్రమే చూడక, నీరు జాఱు వాలున్నదా, మేకులు గట్టిగా దిగినవా యని తప్పక యడుగుడు. అడిగినందువలన ముహూర్తమునకు లోపము రాదు.