సంపంగి నుంచి పీణ్యకు

బెంగుళూరు మల్లేశ్వరంలో సంపిగె రోడ్డు తెలియని తెలుగువారు ఉండరు. ఆ రోడ్డుకు దగ్గరలోనే ఒక క్రాసులో మా ఇల్లు. 1974లో నాన్నగారు ఇల్లు కట్టించినప్పుడు గేటు పక్కన సంపంగి చెట్టు ఉండేదిట. ఇంటికి ఆ పేరే పెట్టి, తన చేత్తో గ్రాఫు కాగితం మీద "సంపంగి" అని పెన్సిలుతో గీసి మేస్త్రీకి ఇచ్చారు. మేస్త్రీ తమిళుడు, అక్షరం ముక్క తెలియనివాడు. అయినా గళ్ళు లెక్కపెట్టుకుని సిమెంటుతో అచ్చంగా అలాగే దిద్దాడు. మేము చదువుకునే రోజుల్లో పోస్టుమాను కూడా మమ్మల్ని "సంపంగి మనె" వాళ్ళనే పిలిచేవాడు.

చెట్టు ఎప్పుడో గాలివానకు పోయింది. నాన్నగారు 2016లో వెళ్ళిపోయారు. 2023లో పాత ఇల్లు తీసి కొత్తది కట్టించేటప్పుడు, ఆ అక్షరాలు జాగ్రత్తగా తీయండయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా పలుగు దెబ్బకు ముక్కలైపోయాయి. అమ్మకు ఎనభై మూడేళ్ళు. గ్లకోమా వల్ల చూపు దాదాపు పోయింది, వెలుగు మాత్రం తెలుస్తుంది. ఆవిడ అడిగింది ఒక్కటే. "కొత్త ఇంటికి మీ నాన్న రాత ఉంటుంది కదరా?"

అదృష్టవశాత్తూ ఆ గ్రాఫు కాగితం క్రయపత్రాల ఫైల్లో దొరికింది. దాన్ని తీసుకెళ్ళి ఒక బోర్డులు చేసే దుకాణంలో ఇచ్చాను. వారం తర్వాత తళతళలాడే స్టీలు అక్షరాలు వచ్చాయి. చూస్తే "సంవంగి" అని ఉంది! అక్షరం ఒకే ముక్కగా రావాలని ఆ కుర్రవాడు 'ప' తలకట్టును కిందికి లాగి ఒంటికి అతికించేశాడు. తలకట్టు తాకితే 'వ', తాకకపోతే 'ప' అని ఒకటో తరగతిలో మనకు చెప్పారు గాని అతనికెవరు చెప్తారు? పోనీలే, ఎవరు చూడొచ్చారు అన్నారు కొందరు. కనబడని ఆవిడకు ఏదైతేనేం అని కూడా అన్నారు. నాకు మనసొప్పలేదు.

"లేజరు కటింగుకు కావలసిన బొమ్మ మనమే కంప్యూటర్లో గీసి ఇవ్వచ్చు నాన్నా. సాఫ్ట్‌వేరు ఉచితమే," అంది మా అమ్మాయి. నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకు ఉద్యోగంలో గీసిన గీతలన్నీ లెడ్జరులోవే. అయినా నాలుగు ఆదివారాలు కూర్చున్నాను.

ముందు కాగితాన్ని స్కాన్ చేశాం. తర్వాత ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేరులో ఆ ఫోటోను గీతలుగా మార్చాం. ఫోటో అంటే చుక్కల గుంపు. లేజరుకు చుక్కలు పనికిరావు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి రావాలో చెప్పే గీత కావాలి. ఆ గీతను కంప్యూటరు తనంతట తనే గీస్తుంది గాని, పెన్సిలు మరకనూ గ్రాఫు గళ్ళనూ కూడా అక్షరాలే అనుకుంటుంది. వాటన్నిటినీ ఏరి పారేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత లిబ్రెకాడ్ అనే డిజైను సాఫ్ట్‌వేరులో కొలతలు సరిచూసి, డి.ఎక్స్.ఎఫ్. ఫైలుగా దాచాం. ఆటోకాడ్‌తో పాటు 1982లో వచ్చిన ఫైలు పద్ధతి ఇది. ఈనాటికీ యంత్రాల వాళ్ళందరికీ అర్థమయ్యే భాష ఇదేనట.

ఫైలు పట్టుకుని పీణ్య ప్రయాణం కట్టాను. సంపిగె రోడ్డు స్టేషనులో మెట్రో ఎక్కితే శ్రీరాంపుర, కువెంపు రోడ్డు, రాజాజీనగర్, మహాలక్ష్మి, శాండల్ సోప్ ఫ్యాక్టరీ, యశవంతపుర, గొరగుంటెపాళ్య, ఆ తర్వాత పీణ్య. ఈ లైను 2014 మార్చిలో మొదలైంది. అంతకు ముందు బ్యాంకు పని మీద బస్సులో వెళ్ళినప్పుడల్లా తుమకూరు రోడ్డు దుమ్ము సగం నా చొక్కా మీదే ఉండేది. 1970లలో మొదలైన ఈ పారిశ్రామిక వాడలో ఇప్పుడు వేల చిన్న కర్మాగారాలు. ఒక షెడ్డులో గేర్లు, పక్క షెడ్డులో స్ప్రింగులు, ఎదురుగా పూత పనులు, మధ్యలో ఇడ్లీ బండి. లోన్ల ఫైళ్ళలో యంత్రాల పేర్లు ఎన్నో చదివి సంతకాలు పెట్టాను. అవి పనిచేస్తుంటే నిలబడి చూసింది మాత్రం అదే మొదటిసారి.

మా అమ్మాయి స్నేహితురాలు చెప్పిన షెడ్డుకు వెళ్ళాను. యజమాని నలభై ఏళ్ళ మనిషి, గౌరిబిదనూరు వైపువాడు. నేను కన్నడంలో మొదలుపెడితే కాగితం చూసి, "తెలుగా సార్? మా ఇంట్లోనూ తెలుగే. సదివింది కన్నడం, రాయను రాదు," అన్నాడు. ఫైలు తెరిచి పక్కున నవ్వాడు. "సార్, మీ పేరు 15 మీటర్లుంది!" డి.ఎక్స్.ఎఫ్. ఫైలులో అంకెలు ఉంటాయి గాని, అవి మిల్లీమీటర్లో అంగుళాలో చాలాసార్లు ఉండదు. నేను 600 మిల్లీమీటర్లని గీస్తే అతని కంప్యూటరు 600 అంగుళాలనుకుంది. 25.4 రెట్లు, అంటే 15,240 మిల్లీమీటర్లు. కరెన్సీ పేరు రాయకుండా చెక్కు రాసినట్టయింది నా పని.

ఇంకా రెండు తప్పులు చూపించాడు. 'గి' గుడి దగ్గర గీత వెంట్రుకవాసి కలవలేదు. గీత మూసుకోకపోతే ఏది లోపలో ఏది బయటో యంత్రానికి తెలియదు. రోజు చివర ట్యాలీ కాని పద్దు లాంటిదన్నమాట. మరోచోట ఒకే గీత ఒకదానిమీద ఒకటి రెండుసార్లు ఉంది. చూపుకు ఒకటే, లేజరు మాత్రం రెండుసార్లు తిరిగి రేకును కాల్చేస్తుంది. ఒకే వోచరు రెండుసార్లు పోస్టు చేసిన గుమాస్తాలను ఎంతమందిని కోప్పడ్డానో, ఆ ఉక్రోషం నాకే తిరిగి వచ్చింది.

అసలు చిక్కు తలకట్టుది. రేకులో అక్షరం ఆకారంలో కన్నం చేస్తే తలకట్టుకు బాధ లేదు గాని, సున్న మధ్యలో బిళ్ళ ఊడి పడిపోతుంది. దాన్ని నిలపాలంటే సన్నని వంతెన వేయాలి, సున్న చీలినట్టు కనబడుతుంది. అక్షరాన్నే కోసి తీస్తే సున్న నిక్షేపంగా ఉంటుంది, తలకట్టు విడిపోతుంది. పాత దుకాణం కుర్రవాడు తడబడింది ఇక్కడే. నేను గ్రాఫు కాగితం మీద వేలుపెట్టి, "ఈ సందు ఉండాలయ్యా, ఇది పోతే పేరే మారిపోతుంది," అన్నాను. అతను కాసేపు చూసి, "అయితే ఏడు ముక్కలుగానే కోద్దాం సార్. అతికించేది లేజరు పని కాదు, చెక్క పని," అన్నాడు.

పాత ఇంటి వాకిలి తలుపు టేకు చెక్క దాచి ఉంచాం. దాని మీద చెక్క కోసే లేజరుతో అక్షరాల అంచులు పైపైన గీసి, ఆ గీతల్లోనే ముక్కలు కూర్చోబెట్టాలని నిర్ణయం. ఈ లేజరు గురించి మహారాష్ట్రలోని మన పాఠకులకు ఒక మాట. 1938లో బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగు కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన సి. కుమార్ ఎన్. పటేల్ గారు 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ లేజరు ఇది. చెక్కకూ అక్రిలిక్‌కూ బాగా పనికివస్తుంది. మెరిసే లోహం మాత్రం దాని కిరణాన్ని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. అందుకని స్టీలు రేకుకు ఫైబర్ లేజరు వాడతారు. షెడ్డు గోడ మీద "పి.వి.సి. కోయబడదు" అని బోర్డుంది. అది కాలితే క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుందనీ, మనిషికీ యంత్రానికీ రెండింటికీ చేటనీ చెప్పాడు.

రెండు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ఎక్కించారు. కిరణం కోసుకుపోయే వెడల్పును కెర్ఫ్ అంటారు. మిల్లీమీటరులో పదో వంతు, కాస్త ఎక్కువ. ఆ మేరకు గీతను బయటికి జరపకపోతే అక్షరం సన్నబడుతుంది. అంచు నల్లబడకుండా నైట్రోజను వాయువు ఊదుతారు. తలకట్టు లాంటి చిన్న ముక్కలు కింద సందుల్లో పడిపోకుండా, అవి లేచి యంత్రానికి తగలకుండా, ఒక్కొక్కచోట చీమ తలంత మేర కోయకుండా వదిలేస్తారు. తర్వాత చేత్తో విరిచి ఆకురాయి పెడతారు. ఇంత ఏర్పాటుకు అరగంట పైన పట్టింది, కోత మాత్రం నిమిషాల్లో అయిపోయింది. నాన్నగారి పెన్సిలు 'స' చివర కొంచెం వణికి ఉంటుంది. ఆ వణుకును మా అమ్మాయి సరిచేయబోతే నేనే వద్దన్నాను. స్టీలులో కూడా అది అలాగే వచ్చింది.

డబ్బు ఇస్తుంటే యజమాని ఒక రేకు ముక్కా మార్కరూ నా చేతికిచ్చాడు. "మా అమ్మ పేరు తెలుగులో ఎట్లుంటాదో రాసియ్యండి సార్. ఆమెకు సదవను వస్తాది." పెద్ద అక్షరాలతో, ఎక్కడ సందు ఉండాలో చూపిస్తూ రాసిచ్చాను.

పలక బిగించిన రోజు అమ్మను గేటు దగ్గరికి నడిపించుకొచ్చాం. నేనేమీ చెప్పలేదు. ఆవిడ ఎడమ చివర నుంచి వేళ్ళతో తడుముతూ వచ్చింది. 'స' చివర కాస్త ఆగింది. 'ప' దగ్గర తలకట్టు కింద సందులో చిటికెనవేలు పెట్టి చూసి, "ఆయన రాతేరా," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటి పేరు తెలుగులో పెట్టుకోవాలనుకునే మన వాళ్ళకు నా సలహా ఒక్కటే. ఖర్చు, స్టీలు, యంత్రం అన్నీ తర్వాత చూసుకోవచ్చు. కోతకు ఇచ్చే ముందు గీసిన బొమ్మను అసలు కొలతలో కాగితం మీద అచ్చు వేయించి, తెలుగు చదవడం వచ్చిన పెద్దవాళ్ళకు ఒకసారి చూపించండి. రేకు కోశాక దిద్దుబాటు లేదు.