బావగారి డ్రైవరు

డ్రైవరు అనగానే మన ఊళ్ళలో బస్సు నడిపేవారో ట్రాక్టరు తోలేవారో గుర్తుకు వస్తారు. ఈ డ్రైవరు వేరు. గోల్ఫ్ ఆటలో మొదటి దెబ్బకు వాడే పొడవైన కర్రకు ఆ పేరు. మన పిల్లలు ఆడే కర్రాబిళ్ళలో బిళ్ళను ఎంత దూరము కొడితే అంత ఆనందము గదా! ఇక్కడ బిళ్ళకు బదులు 46 గ్రాములైనా తూగని తెల్లని బంతి. కొట్టినవారే దాని వెనుక నడిచి వెళ్ళి, మరల కొట్టి, మూడు నాలుగు వందల గజాల అవతల ఉన్న చిన్న గుంటలో వేయాలి. ఎంత తక్కువ దెబ్బలలో వేస్తే అంత గొప్ప. ఒక్కొక్కరి సంచిలో 14 కర్రల వరకు ఉండవచ్చును. వాటిలో అతి పొడవైనది, సాధారణముగా ఖరీదైనది, చెప్పినమాట విననిది డ్రైవరే.

మేము భార్యాభర్తలము అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో, డల్లాస్ పట్టణమునకు దగ్గరలో చాలా ఏండ్లుగా నివసించుచున్నాము. గోల్ఫ్ అంటే ధనవంతుల ఆట అని మన దేశములో అనుకుంటారు. అది చాలావరకు నిజమే. అయితే ఇక్కడ మునిసిపాలిటీవారు నడిపే మైదానములు కూడ ఉన్నవి. మేము వెళ్ళే చోట వయసు మళ్ళినవారికి రుసుము తగ్గిస్తారు. ఉద్యోగములు విరమించిన తరువాత మేమిద్దరము, మా ఇంటి పెద్ద ఆడపడుచు భర్త, ముగ్గురము కలిసి వారమునకు ఒకసారి ఆడుట అలవాటు చేసుకున్నాము. ఆయన మాలో ఒకరికి బావగారు, మరొకరికి అన్నయ్యగారు. ఇక్కడ బావగారు అనే వ్రాస్తాము.

2022లో ఆయనకు 70 సంవత్సరములు నిండినవి. కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు తండ్రికి ఒక కొత్త డ్రైవరు కొని పంపాడు. టెలివిజనులో ఛాంపియనులు పట్టుకునే రకము. ఆరు వందల డాలర్ల వస్తువు. బావగారు దానిని విప్పి, గుడ్డతో తుడిచి, భోజనాల బల్ల మీద పెట్టుకొని కూర్చున్న తీరు చూస్తే మాకు ముచ్చట వేసింది.

ఈ కర్ర చరిత్ర కొంచెము చెప్పాలి. ఒకప్పుడు డ్రైవరు తలను పెర్సిమన్ అనే చెట్టు కొయ్యతో చెక్కేవారు. మన అడవులలో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు కూడ ఆ జాతిదే. 1979లో గ్యారీ ఆడమ్స్ అనే ఆయన స్థాపించిన టేలర్‌మేడ్ కంపెనీ ఉక్కు తల చేసి అమ్మింది. 1991లో కాలవే కంపెనీవారు ఇంకా పెద్ద తలతో 'బిగ్ బెర్తా' తెచ్చారు. తరువాత టైటానియము వచ్చింది. తల పెరుగుచునే పోవుట చూచి, ఆట నియమములు చేసేవారు 2004లో 460 ఘనపు సెంటీమీటర్లకు మించకూడదని హద్దు పెట్టారు. అంటే రమారమి అరలీటరు చెంబంత. ఇంత పెద్దదైనా తల బరువు 200 గ్రాముల దరిదాపే. పెద్ద తలవలన లాభమేమిటంటే, బంతి నడిమధ్యన తగలకపోయినా మరీ అన్యాయము జరగదు. మావంటి వారికి ఇది గొప్ప మేలు. మాకు బంతి నడిమధ్యన తగిలేది పదింట రెండు మూడు సార్లే.

బావగారికి ఆ కొత్త కర్ర కలిసిరాలేదు. బంతి నేలబారుగా పోయి, కుడికి వంకర తిరిగి, దగ్గరలోనే పడేది. నాలుగవ గుంట దారిలో అడ్డముగా ఒక వాగు ఉన్నది. దాటాలంటే బంతి గాలిలో 130 గజాలు పోవాలి. పాత కర్రతో అప్పుడప్పుడు దాటేవారు. కొత్తదానితో వారము వారము బంతి నీళ్ళలోనే. ఆదివారము సాయంత్రము కొడుకు ఫోను చేసి, "నాన్నగారూ, కర్ర ఎలా ఉంది?" అని అడిగితే, "బ్రహ్మాండముగా ఉందిరా" అనేవారు. ఇదంతా అక్కయ్య మాకు చెప్పినదే. ఆగస్టు వచ్చేసరికి మోకాలి నొప్పి అని, ఎండ అని ఆటకు రావడము తగ్గించారు. టెక్సాస్ ఎండ నిజముగానే 40 డిగ్రీలు దాటుతుంది. కాని ఆయన పల్నాడు ఎండలో పెరిగిన మనిషి.

సెప్టెంబరులో ఒకరోజు బలవంతముగా పిలిచాము. నాలుగవ గుంట దగ్గర ఆయన కర్ర బయటకు తీయకుండ నిలబడిపోయారు. అప్పుడు మాలో ఇల్లాలు, "ఇది ఒక్కసారి కొట్టి చూడండి, అన్నయ్యగారూ" అని తన డ్రైవరు చేతికి ఇచ్చింది. ఆడవారికని చేసిన కర్ర. ముఖము వాలు 12 డిగ్రీలు. కాడ కొంచెము పొట్టి, తేలిక, మెత్తన. ఆయన నవ్వుచు కొట్టారు. బంతి లేచి వాగు అవతల పడింది. ముగ్గురము ఏమీ అనలేదు. అప్పటినుండి వాగు దగ్గరకు రాగానే ఆయన చేయి తనంతట తానే మా సంచివైపు వచ్చేది.

దీనిలో మాయ ఏమీ లేదు. మోటారు గొట్టము నుండి నీళ్ళు జోరుగా వస్తుంటే గొట్టము కొంచెము వాల్చి పట్టినా దూరము పోతాయి. జోరు తక్కువైతే గొట్టము ఎత్తి పట్టాలి, లేకపోతే కాళ్ళ దగ్గరే పడతాయి. డ్రైవరు ముఖము వాలు కూడ అంతే. ఛాంపియనులు గంటకు 115 మైళ్ళ దరిదాపు వేగముతో కర్ర విసురుతారు. మామూలు మగవారు సుమారు 93. డెబ్బది దాటినవారిలో చాలామందికి అది 80 దాటదు. మేనల్లుడు పంపినదాని వాలు 9 డిగ్రీలు, కాడ గట్టిది. ఆ కాడ వంగాలంటే పడుచువాని విసురు కావాలి. పార పిడి మనిషిని చూచి వేయిస్తాము గదా. ఇంటిల్లిపాదికి ఒకే పిడి పనికిరాదు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకు మేనల్లుడు వచ్చాడు. తండ్రి ఆట చూడాలని మాతో మైదానమునకు బయలుదేరాడు. మొదటి మూడు గుంటలు బావగారు కొత్త కర్రతోనే ఎలాగో నెట్టుకొచ్చారు. వాగు దగ్గర అలవాటుకొద్దీ చేయి మా సంచిలోనికి వెళ్ళింది.

"అది అత్తయ్యది కదా, నాన్నగారూ?"

ఆయన జవాబు చెప్పలేదు. కొట్టారు. బంతి దాటింది. కొడుకు రెండు కర్రలు తీసుకొని తలక్రిందులు చేసి, అడుగున ఉన్న అంకెలు చూశాడు. కొంతసేపు వాగువైపు చూస్తూ నిలబడి, "నా ఒళ్ళు చూసుకొని కొన్నాను నాన్నగారూ, మీ ఒళ్ళు చూడలేదు" అన్నాడు. "నీకేమి తెలుసురా, నీవు చూసేనాటికి నేను బస్తాలు మోసేవాడిని" అని బావగారు ముందుకు నడిచారు. అటుతరువాత రెండు గుంటల వరకు తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు.

మరునాడు అందరము కర్రల దుకాణమునకు వెళ్ళాము. అక్కడ వల ముందు నిలబడి కొడితే, బంతి ఎంత వేగముగా, ఎంత ఎత్తున లేచిందో యంత్రము లెక్కకట్టి తెరమీద చూపుతుంది. బావగారి విసురు గంటకు 76 మైళ్ళు. బంతి 8 డిగ్రీలు మాత్రమే లేచి, 121 గజాల దగ్గర వాలుచున్నది. కొత్తది అమ్ముతారేమోనని మేము భయపడ్డాముగాని, అక్కడి కుర్రవాడు మంచివాడు. ఈనాటి డ్రైవరులలో చాలావాటికి తల, కాడ కలిసేచోట మర ఉంటుంది. చిన్న తాళముతో త్రిప్పితే వాలు ఒకటి రెండు డిగ్రీలు మారుతుంది. కాడను కూడ విప్పి వేరేది బిగించవచ్చును. వాలు పెంచితే ముఖము కొంచెము ఎడమకు తిరుగుతుంది. బావగారి బంతి ఎప్పుడూ కుడికి పోయేది గనుక అదీ కలిసివచ్చింది. నూరు డాలర్లకు మెత్తని సీనియర్ కాడ తీసుకున్నాము. తల మాత్రము కొడుకు ఇచ్చినదే. ఆ మరను మేనల్లుడే తన చేతితో బిగించాడు. యంత్రము 140 చూపింది.

కర్ర ఒక్కటే అన్నీ చేస్తుందని మేము అనము. బంతిని నిలిపే పుల్లను బావగారు మరీ లోతుగా గుచ్చేవారు. బంతి సగము కర్ర తలకు పైన కనబడేటట్లు ఎత్తుగా పెట్టి, ఎడమ మడమకు ఎదురుగా ఉంచుకుంటే కర్ర పైకి లేస్తూ తగులుతుంది. అంతకంటె మేలు చేసినది, ముందున్న గట్టు నుండి ఆడుట. ప్రతి గుంటకు మొదలుపెట్టే చోట్లు మూడు నాలుగు ఉంటాయి. ముందుది ఆడవారిదని చాలామంది మగవారు సిగ్గుపడతారు. మాకు ఆ సిగ్గు అర్థము కాదు.

మన బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్‌ను చూడండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవరుతో తక్కువ దూరము కొట్టేవారిలో ఆమె ఒకతె. సంచి మోసినది కన్నతల్లి. నాలుగు దినముల ఆట ముగిసేసరికి ఆమె నాలుగవ స్థానములో నిలిచింది. పతకము ఒక్క దెబ్బలో తప్పిపోయింది.

బావగారి మోకాలి నొప్పి ప్రస్తుతము తగ్గింది. వాగును కొన్ని వారములు దాటుచున్నారు, కొన్ని వారములు లేదు. ఆదివారము ఫోనులో కొడుకు, "ఎంత దూరము పోయింది?" అని అడిగితే గజాలతో సహా చెప్పుచున్నారు. దానికి ఒక పది గజాలు కలుపుతారని అక్కయ్య అంటుంది.